కుళాయిలోంచి సున్నం

మన పల్లెల్లో బావులకు పేర్లుండేవి. ఒకటి మంచినీళ్ల బావి, ఇంకొకటి ఉప్పునీళ్ల బావి. రెండో బావి నీళ్లు స్నానాలకు, గొడ్లను కడగడానికి పనికొచ్చేవి. పొయ్యి మీదికి మాత్రం మొదటి బావి నీళ్లే. తేడా తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు, గుప్పెడు కందిపప్పు ఎసట్లో వేస్తే చాలు. మంచినీళ్లలో మెత్తబడే పప్పు ఉప్పునీళ్లలో ఎంతసేపు కాగినా పలుకుగానే మిగిలిపోతుంది. నీళ్లలోని కాల్షియం గింజలోని పెక్టిన్‌ను పట్టుకుని గట్టిపరుస్తుందన్న వివరణ తర్వాతెప్పుడో వచ్చింది. తీర్పు మాత్రం వంటింట్లో అంతకు చాలా ముందే వెలువడింది.

నగరాల్లో ఇప్పుడు ఆ రెండు బావులూ ఒకే సంపులో కలిసిపోయాయి. రోజు విడిచి రోజు వచ్చే మున్సిపల్ నీళ్లు, అవి చాలనప్పుడు వేసే బోరు, అదీ ఎండినప్పుడు పిలిచే ట్యాంకరు అన్నీ అందులోకే వస్తాయి. అక్కడి నుంచి పైనున్న ట్యాంకులోకి, ట్యాంకు నుంచి కుళాయిలోకి. తాగడానికి క్యానో, ఫిల్టరో ఉంటుంది కాబట్టి ఆ మిశ్రమంలో ఏముందో ఎవరికీ పట్టదు. అది పట్టేది గీజర్‌కి, వాషింగ్ మెషీన్‌కి. పప్పు గింజ చెప్పిన మాటే ఇప్పుడు అవి చెబుతున్నాయి, కాకపోతే మెకానిక్ బిల్లు రూపంలో.

స్కూల్లో చదివిన కఠిన జలం పాఠాన్ని ఒక్క నిమిషం గుర్తు చేసుకుందాం. నేలలోకి ఇంకే వాన నీరు మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని బలహీనమైన ఆమ్లంగా మారుతుంది. దారిలో తగిలిన కాల్షియం, మెగ్నీషియంలను కరిగించుకుంటుంది. పల్నాడు, కర్నూలు, కడప, తాండూరు ప్రాంతాల్లో అయితే దారి పొడవునా సున్నపురాయే. సిమెంటు ఫ్యాక్టరీలు ఎక్కడ వెలిశాయో చూస్తే అక్కడి బోరు నీళ్ల స్వభావం ఊహించడం కష్టం కాదు. హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైటే అయినా ఆ రాయి శిథిలమయ్యేటప్పుడు విడుదలయ్యే కాల్షియం, నేల పైపొరల్లో పేరుకున్న సున్నపు గడ్డలు ఆ పని చేసి పెడతాయి. నీరు రాళ్ల మధ్య ఎంత ఎక్కువ కాలం ఉంటే సాధారణంగా అంత ఎక్కువ లవణాలు కరుగుతాయి. అందుకే రెండు వందల అడుగుల్లో దొరకని నీటి కోసం వెయ్యి అడుగులకు వెళ్లినవారికి తరచూ మరింత ముదురు నీరు తగులుతుంది.

కాల్షియం బైకార్బొనేట్‌కు ఒక విచిత్ర లక్షణం ఉంది. ఉప్పు, చక్కెర వేడి నీళ్లలో బాగా కరుగుతాయి. ఇది అందుకు విరుద్ధం. వేడి తగలగానే విడిపోయి, కార్బన్ డయాక్సైడ్‌ను వదిలేసి, సున్నపురాయిగా మారిపోతుంది. ఇంట్లో అన్నిటికంటే వేడిగా ఉండే చోటును వెతుక్కుని అక్కడే గార కడుతుంది. గీజర్‌లో అది కాయిల్. ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్‌లో అడుగున కనిపించకుండా ఉండే హీటర్. హాస్టల్ గదిలో బకెట్‌లో వేలాడే రాడ్. ఆ రాడ్ మీద తెల్లటి పొర కనిపిస్తుంది కాబట్టి కుర్రాళ్లు అప్పుడప్పుడు గీకుతారు. గీజర్ లోపలికి ఎవరూ తొంగిచూడరు.

చూడకపోయినా లెక్క కట్టొచ్చు. లీటరు నీటిలో కాఠిన్యం 500 మిల్లీగ్రాములు ఉందనుకుందాం. బోర్ల మీద బతికే కాలనీల్లో ఇదేమీ వింత అంకె కాదు. ఒక కుటుంబం రోజుకు 60 లీటర్ల నీటిని గీజర్‌లో కాచుకుంటే అందులోంచి రోజుకు 30 గ్రాములు, ఏడాదికి దాదాపు 11 కిలోల సున్నపు పదార్థం ప్రవహిస్తుంది. చాలా భాగం నీటితోపాటే బయటికి పోతుంది. పదోవంతు లోపల ఆగిపోయినా కిలోకు పైనే. మెకానిక్ గీజర్ విప్పి, అడుగు నుంచి చిప్పల్లాంటి పెచ్చులు గుప్పిళ్లతో తీసి ముందు పోసినప్పుడు ఇంటివారు నోరెళ్లబెట్టేది ఇందుకే.

ఇక్కడ ఒక ప్రచారాన్ని సరిదిద్దాలి. గార పడితే కరెంటు బిల్లు మూడోవంతు పెరుగుతుందని సాఫ్ట్‌నర్లు అమ్మేవారు చెబుతుంటారు. ఎలక్ట్రిక్ గీజర్ విషయంలో ఆ మాటకు పెద్ద పస లేదు. కాయిల్ నీళ్లలో మునిగే ఉంటుంది. దానిలో పుట్టిన వేడి ఆలస్యంగానైనా నీళ్లలోకే చేరాలి, వేరే దారి లేదు. నష్టం మరో రకంగా జరుగుతుంది. రాగితో పోలిస్తే ఈ పొర వేడిని ప్రసరింపజేసే శక్తి వందోవంతు కూడా ఉండదు. దుప్పటి కప్పినట్టు వేడి లోపలే చిక్కుకుని కాయిల్ తన హద్దు మించి కాగుతుంది, తొడుగు పగులుతుంది, ఒకరోజు మెయిన్ ట్రిప్ అవుతుంది. అంటే గార తినేది యూనిట్లను కాదు, యంత్రం ఆయుష్షును. గ్యాస్ గీజర్ కథ వేరు. అక్కడ మంట బయట, నీళ్లు సన్నటి రాగి గొట్టాల్లో ఉంటాయి. గొట్టాల్లో గార పడితే వేడి పొగతోపాటు బయటికి పోతుంది. గ్యాస్ నిజంగానే వృథా అవుతుంది, చివరికి గొట్టాలు పూడిపోతాయి కూడా.

వాషింగ్ మెషీన్‌లో జరిగేది మరీ నిశ్శబ్దమైన నష్టం. సబ్బులోని కొవ్వు ఆమ్లాలు కాల్షియంతో కలిస్తే నురగకు బదులు జిగట తెట్టు వస్తుంది. డిటర్జెంట్లు సబ్బు కంటే నయమే. వాటిలో కాల్షియంను బంధించే సోడా, జియోలైట్ లాంటివి కలుపుతారు. నీరు మరీ కఠినమైతే ఆ సరంజామా ముందే ఖర్చయిపోతుంది. మురికి వదలడం లేదని ఇల్లాలు మరో చెంచా పౌడర్ వేస్తుంది. ఆ పౌడర్, సున్నం కలిసి డ్రమ్ము వెనక పేరుకుంటాయి. తువ్వాళ్లు అప్పడాల్లా బిరుసెక్కుతాయి, తెల్ల చొక్కాలు బూడిద రంగుకు తిరుగుతాయి. నిందేమో పౌడర్ బ్రాండ్ మీదికో, పనిమనిషి మీదికో పోతుంది. పాత రోజుల్లో రజకులు బానలో బట్టలతోపాటు చౌడు వేసి ఉడకబెట్టేవారు. చౌడులో ఉండే సోడియం కార్బొనేట్ మురికిని వదిలించడమే కాదు, ముందు నీళ్లలోని కాల్షియంను అడుగుకు దించేస్తుంది. ఇవాళ్టి డిటర్జెంట్ ప్యాకెట్ చేసేదీ ఇంచుమించు ఆ పనే.

ఎయిర్ కూలర్‌ది ప్రత్యేకమైన కష్టం. అందులో నీరు కాగదు, ఆవిరవుతుంది. ఆవిరయ్యేది నీరే, లవణాలు తొట్టిలోనే ఉండిపోతాయి. సాయంత్రానికి తొట్టిలోని నీరు పొద్దున పోసినదాని కంటే చాలా ముదురుగా తయారవుతుంది. ఏప్రిల్‌లో కొత్తగా ఉన్న ప్యాడ్లు జూన్‌కి పెంకు కట్టడం అందుకే. రెండు రోజులకోసారి తొట్టి ఖాళీ చేసి కొత్త నీళ్లు పోస్తే సమస్య చాలావరకు తగ్గుతుంది. ఆవిరి ఇస్త్రీపెట్టెకు అయితే ఏసీ నుంచి కారే నీటిని వడగట్టి వాడుకోవచ్చు. అది గాలిలోంచి దిగిన నీరు, అందులో సున్నం ఉండదు.

ఇంత జరుగుతున్నా కొనేటప్పుడు దుకాణంలో ఈ ప్రస్తావనే రాదు. స్టార్ రేటింగ్ గురించి చెబుతారు, ట్యాంకుకు ఇన్నేళ్ల గ్యారంటీ అంటారు. చాలా వారంటీ కార్డుల వెనక సన్న అక్షరాల్లో మాత్రం గార వల్ల కలిగే నష్టం తమ పూచీ కాదని ఉంటుంది. కొన్నిటిలో నీటి కాఠిన్యం ఇంతకు మించకూడదన్న షరతూ ఉంటుంది. మీ ఇంటి నీటి అంకె మీకు తెలియదు, కంపెనీ అడగదు. తెలియని అంకె మీద పెట్టిన షరతుకు కొనుగోలుదారు సంతకం చేస్తున్నాడన్నమాట.

మరి ఎంత ఉంటే ఎక్కువ? తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ 2012లో సవరించిన కొలమానం ప్రకారం లీటరుకు 200 మిల్లీగ్రాముల కాఠిన్యం వరకు ఆమోదయోగ్యం. వేరే నీరు దొరకనప్పుడు 600 వరకు సరిపెట్టుకోవచ్చు. 1991 నాటి ప్రమాణంలో మొదటి అంకె 300గా ఉండేది. ఇవి ఆరోగ్యం కోసం పెట్టిన హద్దులని చాలామంది అనుకుంటారు. కాఠిన్యానికి ఆరోగ్యపరమైన పరిమితి పెట్టాల్సిన అవసరం ప్రపంచ ఆరోగ్య సంస్థకు కనిపించలేదు. 200 దాటితే గొట్టాల్లో, పాత్రల్లో గార పడుతుందని, 100 కంటే మరీ తగ్గితే నీరు లోహపు గొట్టాలనే తినేయవచ్చని మాత్రం చెబుతుంది. కాల్షియం, మెగ్నీషియం శరీరానికి కావలసినవే. కఠిన జలం తాగితే కిడ్నీలో రాళ్లు వస్తాయన్న నమ్మకానికీ గట్టి ఆధారం లేదు. ఆ రాళ్లకు నీళ్లు తక్కువ తాగడం అంతకంటే పెద్ద కారణం. ఇంకో విడ్డూరం ఏమిటంటే, కాల్షియం తక్కువగా ఉన్న భూగర్భ జలాల్లోనే ఫ్లోరైడ్ ఎక్కువగా కరిగే అవకాశం ఉంటుంది. సబ్బు బాగా నురగొస్తోందని మురిసిపోయే నీళ్లలో ఎముకలను వంచే విషం ఉండొచ్చు. నల్లగొండకు ఎముకల ఫ్లోరోసిస్ గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

కాబట్టి ఇది ప్రధానంగా యంత్రాల సమస్య, జేబు సమస్య. ఎవరి జేబన్నదే ఆసక్తికరం. వైతరణ, భాత్సా లాంటి చెరువులు, జలాశయాల నీళ్లు తాగే ముంబై పాతపేటల్లో గీజర్ గార గురించి పెద్దగా మాట్లాడుకోరు. హైదరాబాద్‌కు 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. తర్వాత మంజీర, 2004లో కృష్ణ, 2015లో గోదావరి చేరాయి. నది నీరు పుష్కలంగా వచ్చే ఇంట్లో గీజర్ పదేళ్లు పని చేస్తే అదేమీ వింత కాదు. అదే ధర పెట్టి అదే మోడల్ కొన్న శివారు కాలనీవాసి రెండు, మూడేళ్లకోసారి కాయిల్ మార్పిస్తాడు. బెంగళూరులో 2024 మార్చిలో నీటి కరువు ముదిరినప్పుడు నగరంలోని దాదాపు 13,900 ప్రభుత్వ బోర్లలో 6,900 ఎండిపోయాయని కర్ణాటక ప్రభుత్వమే చెప్పింది. కావేరి గొట్టం అందని వైట్‌ఫీల్డ్ లాంటి శివార్లలో ట్యాంకర్లే దిక్కయ్యాయి. ట్యాంకరు నీళ్లు ఏ బోరువో అడిగే తీరిక ఎవరికుంటుంది? పైపులైను వేయని ప్రభుత్వం ఆదా చేసుకున్న డబ్బు ఇలా ఇంటింటి నుంచీ, రసీదు లేకుండా వసూలవుతోంది. అద్దెకుండేవారికి మరీ కష్టం. ఇల్లు ఓనరుది, బోరు ఓనరుది, పాడయ్యే మెషీన్ మాత్రం వారిది.

గొట్టం లేని చోట అమ్మకందారు వాలతాడు. అతని బ్యాగులో రెండు వస్తువులుంటాయి. మొదటిది పెన్నులాంటి టీడీఎస్ మీటర్. నీళ్లలో ముంచగానే 900 అని చూపిస్తుంది, గృహిణి గుండె గుభేలుమంటుంది. టీడీఎస్ అంటే నీటిలో కరిగిన లవణాలన్నీ కలిపిన లెక్క. ఆ మీటరు కొలిచేది నీటి విద్యుత్ వాహకతను. అందులో సున్నం ఎంత, ఉప్పు ఎంత అన్నది దానికి తెలియదు. ఒకే టీడీఎస్ ఉన్న రెండు నీళ్లలో ఒకటి గీజర్‌ను చంపొచ్చు, రెండోది అసలు గార పట్టించకపోవచ్చు. రెండో వస్తువు మరీ నాటకీయం. రెండు గ్లాసుల్లో లోహపు కడ్డీలు ముంచి కరెంటు ఇస్తాడు. మీ కుళాయి నీళ్లు నిమిషంలో బురద రంగుకు మారతాయి, అతని మిషన్ నీళ్లు తేటగా ఉంటాయి. ఆ బురద మీ నీళ్లలోది కాదు, అతని ఇనుప కడ్డీది. లవణాలున్న నీటిలో కరెంటు పారుతుంది కాబట్టి ఇనుము కరుగుతుంది. లేని నీటిలో పారదు కాబట్టి కరగదు. అతని తేట నీళ్లలో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ పెట్టమని అడిగి చూడండి.

ఈ ప్రదర్శనతో అమ్ముడుపోయేది సాధారణంగా ఆర్వో. తాగునీటికి కొన్నిచోట్ల అది అవసరమే, కాదనడం లేదు. గీజర్‌కీ, వాషింగ్ మెషీన్‌కీ మాత్రం దాంతో పని లేదు. ఇళ్లలో వాడే మామూలు ఆర్వో ఒక లీటరు మంచినీరు ఇవ్వడానికి మూడు లీటర్ల వరకు బయటికి పారబోస్తుంది. టీడీఎస్ 500 లోపే ఉన్న చోట వీటిని నిషేధించాలని 2019 మేలో జాతీయ హరిత ట్రైబ్యునల్ కేంద్ర పర్యావరణ శాఖను ఆదేశించింది. తయారీదారులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. కోర్టులో వాదనల సంగతి ఎలా ఉన్నా ఆ ఆర్వో పారబోసే నీళ్లను ఇల్లు తుడవడానికి, బాత్రూం కడగడానికి పట్టి ఉంచుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. వాషింగ్ మెషీన్‌లో మాత్రం పోయకండి. అది మామూలు బోరు నీళ్ల కంటే కఠినం.

కాఠిన్యాన్ని నిజంగా తీసేది సాఫ్ట్‌నర్. రెజిన్ పూసల మీదుగా నీరు పోయేటప్పుడు కాల్షియం, మెగ్నీషియం అక్కడ చిక్కుకుంటాయి, బదులుగా సోడియం నీళ్లలోకి వస్తుంది. పూసలు నిండిపోయాక ఉప్పునీటితో కడిగితే మళ్లీ సిద్ధం. పని చేస్తుంది, అనుమానం లేదు. దాని మూల్యం గురించే బ్రోషర్లు మాట్లాడవు. 500 మిల్లీగ్రాముల కాఠిన్యాన్ని పూర్తిగా తీసేస్తే లీటరుకు దాదాపు 230 మిల్లీగ్రాముల సోడియం అదనంగా చేరుతుంది. బీపీ ఉన్నవారు ఆ నీళ్లు తాగకపోవడం మంచిది. వంటింటి కుళాయికి సాఫ్ట్‌నర్ లైను కలపకూడదనేది అందుకే. రోజుకు 500 లీటర్లు వాడే ఇంటికి పూసలు కడగడానికి సుమారుగా అర కిలో ఉప్పు కావాలి. వంద ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌కు నెలకు టన్నున్నర. ఆ ఉప్పంతా ఎక్కడికి పోతుంది? డ్రైనేజీలోకి. మురుగు శుద్ధి కేంద్రాలు మలినాలను తీస్తాయి, కరిగిన ఉప్పును కాదు. అది నాలాలోకి, చెరువులోకి, అక్కడి నుంచి కింది ఊళ్ల పొలాల్లోకి చేరుతుంది. పైవాడి తువ్వాలు మెత్తబడటానికి కిందివాడి నేల చౌడు బారుతుంది.

అందుకే సాఫ్ట్‌నర్ పెట్టించేవారు తూకం పాటించాలి. కాఠిన్యాన్ని సున్నాకు దించక్కర్లేదు, శుద్ధి చేసిన నీటిలో కొంత మామూలు నీరు కలిపి 100 ప్రాంతంలో ఉంచితే యంత్రాలకు చాలు, ఉప్పూ తగ్గుతుంది. మొక్కలకు, టాయిలెట్ ఫ్లష్‌లకు ఆ నీళ్లు దండగ. గొట్టం చుట్టూ తగిలించే అయస్కాంతాలు, ఎలక్ట్రానిక్ పరికరాలు మాత్రం నీటిలోని కాల్షియంను ఒక్క మిల్లీగ్రాము కూడా తీయవు. గార అంటుకోకుండా చేస్తాయని అంటారు గానీ వాటిపై జరిగిన పరీక్షల ఫలితాలు పరస్పర విరుద్ధంగా ఉన్నాయి. నేనైతే డబ్బు పెట్టను.

మూడో మార్గం చవకైనది, కాస్త ఓపిక కావాలి. గీజర్ మీటను చివరిదాకా తిప్పి, మరిగిన నీళ్లలో చన్నీళ్లు కలుపుకునే అలవాటు మనది. 50 డిగ్రీల దగ్గర ఉంచితే గార చేరే వేగం బాగా తగ్గుతుంది. ఏడాదికోసారి గీజర్ విప్పించి కాయిల్‌ను శుభ్రం చేయించాలి. ట్యాంకు తుప్పును తన మీద వేసుకుని కరిగిపోయే మెగ్నీషియం కడ్డీ ఒకటి లోపల ఉంటుంది. అది అయిపోయిందేమో అప్పుడే చూడమనండి. చాలామంది మెకానిక్‌లు అడిగితే తప్ప దాని మాటెత్తరు. కెటిల్‌కూ, వాషింగ్ మెషీన్‌కూ పచారీ కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు చాలు. కెటిల్ నీళ్లలో రెండు చెంచాలు వేసి కాచి, గంట వదిలేస్తే గార బుసబుసమంటూ ఊడుతుంది. మెషీన్‌ను బట్టలు లేకుండా దాంతో తిప్పే ముందు మాన్యువల్‌లో అభ్యంతరమేమీ లేదని చూసుకోండి. బ్లీచింగ్ ద్రావణంతో కలపొద్దు, విషవాయువు వస్తుంది. బాత్రూంలు కడిగే యాసిడ్‌ను స్టీలు యంత్రాల్లో పోయడం అంతకంటే పెద్ద పొరపాటు.

వీటన్నిటికీ ముందు కావలసింది ఆ ఒక్క అంకె. బ్రిటన్‌లో నీటి కంపెనీ వెబ్‌సైట్‌లో పోస్ట్‌కోడ్ కొడితే ఆ వీధి నీటి కాఠిన్యం ఎంతో కనిపిస్తుంది. లండన్‌లో కాపురం పెట్టిన మనవాళ్లు కెటిల్ అడుగున తెల్ల పెచ్చులు చూసి కంగారుపడేది ఒక్క వారమే, తర్వాత అంకె చూసుకుని సర్దుకుంటారు. మన దేశంలో 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు కిట్లతో నీటిని పరీక్షించడం నేర్పిస్తున్నారు. వారు చూసేవాటిలో కాఠిన్యం కూడా ఉంటుంది. గేటు దగ్గర సెక్యూరిటీ, క్లబ్‌హౌస్, స్విమ్మింగ్ పూల్ ఉన్న అపార్ట్‌మెంట్లలో మాత్రం ఆ అంకె చెప్పగలిగేవారు ఒక్కరూ ఉండరు. చుక్కలు లెక్కబెట్టే చిన్న కిట్ ఖర్చు ఒక కాయిల్ ధరకు మించదు. ఎర్రబడిన నీరు ఎన్ని చుక్కలకు నీలంగా మారిందో చూడటమే పని, పదో తరగతి పిల్లలు చేసేస్తారు.

సంపులోది, బోరుది, ట్యాంకరుది విడివిడిగా చూడాలి. మేలో ఒకసారి, వానలు పడి ఇంకుడు గుంతలు నిండాక అక్టోబరులో ఇంకోసారి. ఆ అంకెలను లిఫ్ట్ పక్కన నోటీసు బోర్డు మీద, మెయింటెనెన్స్ బకాయిదారుల జాబితా పక్కనే అతికిస్తే సరి. అద్దెకు ఇల్లు చూడటానికి వచ్చినవారు కూడా చదువుకుంటారు.